అమెరికాలో జపనీయుల యుద్ధకాల నిర్బంధం: పరిశోధన చేసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం జపాన్ మూలాలున్న తన పౌరులనూ వాళ్ల తల్లిదండ్రులనూ ముళ్లకంచెల వెనక పెట్టింది. ఈ విషయం మీద పని చేద్దామనుకునేవాళ్ల నుంచి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. అడిగేవాళ్లలో అమెరికాలో చదువుతున్న మన పిల్లలున్నారు. సియాటిల్‌లోనో బే ఏరియాలోనో ఇల్లు కొనుక్కుని "ఇది మా ఊళ్లోనే జరిగిందట కదా" అని ఆరా తీసేవాళ్లున్నారు. ఇక్కడి యూనివర్సిటీల్లో పీహెచ్‌డీ చేసేవాళ్లూ ఉన్నారు. అందుకే ఒకచోట రాసి పెట్టాను. కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

ఒక్క సంగతి మాత్రం ముందే చెప్పాలి. ఈ నిర్బంధం కాగితాలు కుటుంబాల వారీగా లేవు, మనిషిని అదుపులోకి తీసుకున్న ప్రభుత్వ శాఖల వారీగా ఉన్నాయి. ఎవరు పట్టుకెళ్లారో తేలితే సగం పని అయినట్టే.

## మొదలుపెట్టే ముందు

అసలేం జరిగిందో క్లుప్తంగా చెప్తారా?

1941 డిసెంబర్ 7న జపాన్ పెర్ల్ హార్బర్ మీద దాడి చేసింది. గంటల్లోనే ఎఫ్‌బీఐ వాళ్లు జపనీయ సంఘాల పెద్దలను, బౌద్ధ పూజారులను, జపనీస్ నేర్పే టీచర్లను, పత్రికలవాళ్లను ఇళ్లకొచ్చి పట్టుకెళ్లడం మొదలుపెట్టారు. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 9066వ నంబరు ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ మీద సంతకం పెట్టాడు. ఆ ఆర్డర్‌లో "జపనీయులు" అన్న మాటే లేదు. మిలిటరీ అధికారులు తాము గీసిన గీత లోపలి నుంచి ఎవరినైనా పంపించేయవచ్చని మాత్రమే ఉంది. పడమటి తీరం బాధ్యత చూస్తున్న జనరల్ జాన్ డివిట్ దాన్ని జపాన్ మూలాలున్నవాళ్ల మీద గంపగుత్తగా ప్రయోగించాడు. ముసలివాళ్లనూ పసిపిల్లలనూ కూడా వదల్లేదు.

మొదట వాళ్లను గుర్రప్పందేల మైదానాలు, సంత మైదానాల్లో పెట్టిన 15 తాత్కాలిక కేంద్రాల్లో ఉంచారు. తర్వాత ఎడారుల్లో, చిత్తడి నేలల్లో కట్టిన 10 పెద్ద క్యాంపులకు రైళ్లలో తరలించారు. వాళ్లలో మూడింట రెండొంతుల మంది అమెరికాలోనే పుట్టిన పౌరులు. పంపేముందు ఎవరి మీదా నేరం మోపలేదు, విచారణ జరపలేదు. చివరిగా మూతపడిన పెద్ద క్యాంపు టూలీ లేక్, 1946 మార్చిలో.

ఒకచోట లక్షా పదివేలు, ఇంకోచోట లక్షా ఇరవై వేలు, మరోచోట లక్షా పాతిక వేలు అంటున్నారు. ఏది కరెక్టు?

లెక్కించినదే వేరు కాబట్టి మూడూ నిలుస్తాయి. 1942లో తీరం నుంచి సామూహికంగా తరలించినవాళ్లు లక్షా పదివేల పైచిలుకు. వార్ రీలొకేషన్ అథారిటీ (డబ్ల్యూఆర్‌ఏ) అనే ప్రభుత్వ సంస్థ నడిపిన 10 క్యాంపుల లెక్కలోకి ఏదో ఒక సమయంలో వచ్చినవాళ్లు 1,20,313 మంది. ఇందులో క్యాంపుల్లోనే పుట్టిన 5,981 మంది పిల్లలు కూడా ఉన్నారు. న్యాయశాఖ, సైన్యం, హవాయి శిబిరాలను కూడా కలిపి పేరుపేరునా లెక్క కట్టిన ఇరేయిచో అనే నామావళిలో 2022 నాటికి 1,25,284 పేర్లు చేరాయి. మీరు ఏ అంకె వాడినా అందులో ఎవరెవరు ఉన్నారో పక్కనే ఒక ముక్క రాయండి. గైడ్లు మొదట పట్టుకునేది ఇదే.

ఇస్సేయి, నిసేయి, కిబేయి అని చదువుతుంటే కన్‌ఫ్యూజ్ అవుతోంది.

ఇస్సేయి అంటే జపాన్ నుంచి వచ్చిన మొదటి తరం. అప్పటి చట్టం ప్రకారం వాళ్లకు అమెరికా పౌరసత్వం రాదు. 1922లో టకావో ఒజావా కేసులో సుప్రీంకోర్టు ఆ మాట తేల్చి చెప్పింది. మరుసటి ఏడాదే అదే కోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులకూ అదే తీర్పు ఇచ్చింది. నిసేయి అంటే అమెరికాలో పుట్టిన పిల్లలు, పుట్టుకతో పౌరులు. అమెరికాలో పుట్టి కొన్నేళ్లు జపాన్‌లో చదువుకుని తిరిగొచ్చినవాళ్లు కిబేయి. అధికారులకు వీళ్ల మీదే అనుమానం ఎక్కువ, అందుకే వీళ్ల ఫైళ్లు తరచుగా లావుగా ఉంటాయి. సన్సేయి మూడో తరం.

జర్మన్లనీ ఇటాలియన్లనీ కూడా నిర్బంధించారు కదా. మరి జపనీయుల విషయం ఎందుకు ప్రత్యేకం?

అవును, జర్మన్, ఇటాలియన్ జాతీయులను కూడా పట్టుకున్నారు. అయితే ప్రధానంగా ఒక్కొక్కరిని అనుమానించి, ఒక్కొక్కరి పేరు మీద ఫైలు తెరిచి పట్టుకున్నారు. జపాన్ మూలాలున్నవాళ్ల విషయంలో తీరప్రాంతంలోని మొత్తం జనాన్ని పౌరసత్వంతో సంబంధం లేకుండా తరలించారు. విచిత్రమేమిటంటే పెర్ల్ హార్బర్ ఉన్న హవాయిలో ఇలా చేయలేదు. అక్కడి జనాభాలో మూడో వంతుకు పైగా వాళ్లే. వాళ్లను పంపేస్తే పొలాలూ రేవులూ ఆగిపోతాయి. అక్కడ మార్షల్ లా పెట్టి, నిర్బంధాన్ని దాదాపు రెండు వేల మందికే పరిమితం చేశారు. "మిలిటరీ అవసరం" అన్న వాదన ఎంత బలమైనదో ఈ ఒక్క పోలికతోనే తెలిసిపోతుందని నా అభిప్రాయం.

మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టుకి ఈ టాపిక్ తీసుకుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

సియాటిల్‌లో 1996లో మొదలైన డెన్షో అనే సంస్థ వెబ్‌సైట్ చాలు. అందులో ఎన్‌సైక్లోపీడియా ఉంది, క్యాంపుల్లో గడిపినవాళ్ల వీడియో ఇంటర్వ్యూలు ఉన్నాయి, ఉత్తరాలు, ఫొటోలు ఉన్నాయి, అన్నీ ఉచితం. మొత్తం చరిత్ర రాయమనకండి. ఒక్క క్యాంపు, ఒక్క కుటుంబం, లేదా ఒక్క ఇంటర్వ్యూ ఎంచుకోమనండి.

## మనిషిని వెతికేటప్పుడు

ఒక వ్యక్తి పేరు మాత్రమే తెలుసు. ఏ క్యాంపులో ఉన్నాడో ఎలా కనుక్కోవాలి?

రెండు జాబితాలు చూడాలి. మొదటిది అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ ఆన్‌లైన్ డేటాబేస్‌లో ఉన్న ఇంటర్నీ డేటా ఫైల్. 1942లో క్యాంపులో చేరినప్పుడు డబ్ల్యూఆర్‌ఏ-26 అనే ఫారం నింపించి, ఆ వివరాలను పంచ్ కార్డుల మీదికి ఎక్కించారు. ఇప్పుడు మనకు కనిపిస్తున్నది వాటి కంప్యూటర్ రూపం. లక్షకు పైగా ఎంట్రీలున్నాయి. పుట్టిన సంవత్సరం, యుద్ధానికి ముందున్న ఊరు, చదువు, మతం, వృత్తి, జపాన్‌లో ఎన్నాళ్లున్నారు వంటివన్నీ అందులో ఉంటాయి. చేరేటప్పుడు నింపిన ఫారం కాబట్టి తర్వాత పుట్టిన పిల్లలు సాధారణంగా కనిపించరు.

రెండోది ఫైనల్ అకౌంటబిలిటీ రోస్టర్. క్యాంపు మూసేటప్పుడు తయారుచేసిన జాబితా ఇది. మనిషి ఎప్పుడు, ఎక్కడి నుంచి వచ్చాడు, ఎప్పుడు, ఎక్కడికి, ఏ కారణం మీద వెళ్లాడు అన్నీ ఇందులో ఉంటాయి. పుట్టిన పిల్లలూ చనిపోయినవాళ్లూ ఇందులో దొరుకుతారు. ఇది మైక్రోఫిల్మ్‌గా ఉండేది, ఇప్పుడు యాన్సెస్ట్రీ, ఫ్యామిలీసెర్చ్ సైట్లలో చూడొచ్చు. మొదటి జాబితాతో ఆగిపోతే మనిషి లోపలికి వెళ్లడమే తెలుస్తుంది, బయటికి ఎలా వచ్చాడో తెలియదు.

పేరు కొడితే ఏమీ రావట్లేదు. రికార్డే లేదనుకోవాలా?

తొందరపడకండి. జపనీస్ పేర్లను ఇంగ్లీషులో రాయడంలో అప్పుడు ఒక పద్ధతంటూ లేదు. మనం లక్ష్మి అనే పేరును ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తామో, వాళ్లు ఓనో, ఇతో వంటి ఇంటిపేర్లను అన్ని రకాలుగా రాశారు. దీర్ఘం కోసం ఒకరు హెచ్ చేర్చారు, ఇంకొకరు చేర్చలేదు. పైగా నిసేయి పిల్లలకు ఇంట్లో జపనీస్ పేరు, బడిలో అమెరికన్ పేరు. క్లర్కు చెవికి వినపడిందే టైపు చేశాడు. పంచ్ కార్డులో చోటు చాలక కొన్ని పేర్లు తోక తెగిపోయాయి. కాబట్టి పేరులో మొదటి మూడు నాలుగు అక్షరాలు మాత్రమే ఇచ్చి, పుట్టిన సంవత్సరంతో, క్యాంపుతో వడపోయండి. పెళ్లయిన ఆడవాళ్లకు పుట్టింటి పేరుతో కూడా వెతకండి, పెళ్లి క్యాంపులోనే జరిగి ఉండొచ్చు.

ఫ్యామిలీ నంబర్ అంటే ఏమిటి? అది ఎందుకంత ముఖ్యం?

తరలింపుకు ముందు ప్రతి కుటుంబం ఒక కంట్రోల్ స్టేషన్‌లో పేర్లు నమోదు చేసుకోవాలి. అక్కడ కుటుంబానికి ఒక నంబరు ఇచ్చారు. ఆ నంబరున్న చీటీలు సామాను మీదా, మనుషుల కోటు గుండీలకూ కట్టుకుని రావాలి. పేరు ఎన్ని రకాలుగా తప్పు పడినా ఆ నంబరు మారదు. డేటాబేస్‌లో ఒక అన్న దొరికితే అతని ఫ్యామిలీ నంబరుతో వెతకండి, తల్లి, చెల్లెళ్లు, తాత వరసగా వస్తారు. పెళ్లయి వేరుపడితే కొత్త నంబరు వచ్చే అవకాశం ఉంది, అదొక్కటి గమనించుకోండి.

వ్యక్తిగత కేస్ ఫైలు ఎలా తెప్పించుకోవాలి? అందులో ఏముంటుంది?

నేషనల్ ఆర్కైవ్స్‌లో ఒక్కో ప్రభుత్వ సంస్థ కాగితాలకు ఒక రికార్డ్ గ్రూప్ నంబరు ఉంటుంది. వార్ రీలొకేషన్ అథారిటీ కాగితాలన్నీ రికార్డ్ గ్రూప్ 210 కింద ఉంటాయి. వ్యక్తుల కేస్ ఫైళ్లు వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పేరు, పుట్టిన తేదీ, క్యాంపు పేరు, ఫ్యామిలీ నంబరు రాసి మెయిల్ పంపితే వెతికి చెప్తారు. కాపీలకు డబ్బు కట్టాల్సి రావచ్చు, జవాబు రావడానికి టైమ్ పడుతుంది. సెమిస్టర్ చివర్లో మొదలుపెట్టి టెన్షన్ పడేకన్నా మొదటి వారంలోనే రాసేయడం మంచిది.

ఫైలు మూడు నాలుగు పేజీలే ఉండొచ్చు, వంద దాటొచ్చు. క్యాంపులో చేసిన పని, జీతం, ఆరోగ్యం, బయటికి వెళ్లడానికి పెట్టుకున్న దరఖాస్తు, దాని మీద పొరుగువాళ్లను, పాత యజమానులను అడిగి తెప్పించిన అభిప్రాయాలు ఉంటాయి. నెలకు 12, 16, 19 డాలర్ల జీతాలు చూసి ఆశ్చర్యపోకండి, డాక్టరుకైనా 19 డాలర్లే. ఉత్తరాలు కూడా కనిపిస్తాయి. సంస్థ రాసినదంతా సంస్థ గొంతు. ఆ మనిషి సొంత గొంతు వినిపించేది తరచుగా ఆ ఉత్తరాల్లోనే.

తండ్రిని ముందే ఎఫ్‌బీఐ పట్టుకెళ్లింది, తల్లీపిల్లలు మాత్రం క్యాంపులో ఉన్నారు. తండ్రి రికార్డు ఎందుకు దొరకట్లేదు?

అతను వేరే వ్యవస్థలో ఉన్నాడు కాబట్టి. ఎఫ్‌బీఐ అరెస్టు చేసిన ఇస్సేయిలు న్యాయశాఖ అధీనంలో ఉన్న శిబిరాలకు వెళ్లారు: మోంటానాలో ఫోర్ట్ మిసూలా, నార్త్ డకోటాలో ఫోర్ట్ లింకన్, న్యూ మెక్సికోలో శాంటా ఫే, టెక్సస్‌లో క్రిస్టల్ సిటీ. కొందరు కొంతకాలం సైన్యం నడిపిన లార్డ్స్‌బర్గ్, క్యాంప్ లివింగ్‌స్టన్ వంటిచోట్ల ఉన్నారు. వీటి కాగితాలు న్యాయశాఖ రికార్డ్ గ్రూప్ 60లో, ఇమిగ్రేషన్ శాఖ గ్రూప్ 85లో, సైన్యం ప్రొవోస్ట్ మార్షల్ జనరల్ గ్రూప్ 389లో చెదిరి ఉన్నాయి.

ప్రతి ఒక్కరికీ ఒక హియరింగ్ బోర్డు విచారణ జరిగింది. లాయరును పెట్టుకోనివ్వలేదు. ఆ విచారణ నోట్స్ దొరికితే వదలకండి. జపాన్ ఓడ వచ్చినప్పుడు నావికులకు భోజనం పెట్టావా, గుడికి చందా ఇచ్చావా వంటి విషయాల మీదే మనిషి భవిష్యత్తు తేల్చేవాళ్లు. 1940 చట్టం కింద పౌరులు కానివాళ్లంతా నమోదు చేసుకోవాలి కాబట్టి వాళ్ల ఏలియన్ రిజిస్ట్రేషన్ ఫారాలు కూడా ఉన్నాయి. వాటిని అమెరికా ఇమిగ్రేషన్ శాఖ జీనియాలజీ విభాగం ద్వారా అడగొచ్చు. ఎఫ్‌బీఐ ఫైలు కావాలంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టుకోవాలి.

పెరూ నుంచి తెచ్చి టెక్సస్‌లో పెట్టారని విన్నాను. నిజమేనా?

నిజమే. అమెరికా ఒత్తిడితో లాటిన్ అమెరికా దేశాలు జపాన్ మూలాలున్న దాదాపు 2,200 మందిని ఓడలెక్కించి అమెరికాకు అప్పగించాయి. వాళ్లలో ఎక్కువమంది పెరూవాళ్లు. జపాన్ చేతిలో చిక్కిన అమెరికన్లతో మార్చుకోవడానికి పనికొస్తారన్నది ఒక లెక్క. పాస్‌పోర్టులు లాక్కుని, దిగగానే "అక్రమంగా ప్రవేశించారు" అని రాసుకున్నారు. చాలామంది కుటుంబాలు క్రిస్టల్ సిటీలో ఉన్నాయి. వీళ్ల కోసం విదేశాంగ శాఖ రికార్డ్ గ్రూప్ 59 కూడా చూడాలి. క్యాంపుల్లో ఉన్నవాళ్లకు 1988 చట్టం ఇచ్చిన పరిహారం వీళ్లలో ఎక్కువమందికి వర్తించలేదు. 1998లో కోర్టు రాజీలో 5,000 డాలర్లు ఇస్తామన్నారు.

కొడుకు అమెరికా సైన్యంలో, తల్లిదండ్రులు ముళ్లకంచెలో. సైనికుడి రికార్డు ఎక్కడుంటుంది?

సైనికుల ఫైళ్లు సెయింట్ లూయిస్‌లో ఉంటాయి. 1973లో అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో 1912 నుంచి 1960 మధ్య విడుదలైన ఆర్మీవాళ్ల ఫైళ్లలో దాదాపు 80 శాతం కాలిపోయాయి. కాబట్టి నిసేయి సైనికుల దళాలైన 442వ రెజిమెంటల్ కాంబాట్ టీమ్, 100వ బెటాలియన్ వాళ్ల కోసం యూనిట్ రికార్డులూ, మౌఖిక చరిత్రలూ, క్యాంపు పత్రికలూ కలిపి చూసుకోవాలి.

## కాగితాలు చదివేటప్పుడు

ఫైలులో "నో-నో" అని ఉంది. అంటే అతను అమెరికాకు వ్యతిరేకా?

అంత తేలిగ్గా తేల్చేయకండి. 1943 మొదట్లో క్యాంపుల్లో పెద్దవాళ్లందరికీ ఒక ప్రశ్నాపత్రం ఇచ్చారు. 27వ ప్రశ్న సైన్యంలో ఎక్కడికి పంపినా పనిచేస్తావా అని. 28వ ప్రశ్న అమెరికాకు విధేయుడిగా ఉంటానని ప్రమాణం చేసి, జపాన్ చక్రవర్తి పట్ల విధేయతను వదులుకుంటావా అని. ఇస్సేయిలకు అమెరికా పౌరసత్వం రాదు. ఉన్న ఒక్క జాతీయతనూ వదులుకుంటే ఏ దేశమూ లేనివాళ్లవుతారు. తర్వాత వాళ్ల కోసం ఆ ప్రశ్నను మార్చారు. నిసేయిలకు ఇంకో చిక్కు: "వదులుకుంటాను" అంటే ఇన్నాళ్లూ ఉందని ఒప్పుకున్నట్టవుతుంది.

రెండింటికీ "లేదు" అన్నవాళ్లే నో-నోలు. వాళ్లలో కోపంతో అన్నవాళ్లున్నారు. తల్లిదండ్రుల నుంచి విడదీస్తారన్న భయంతో అన్నవాళ్లున్నారు. ముందు మా హక్కులు తిరిగివ్వండి అని అన్నవాళ్లున్నారు. జపాన్ వెళ్లిపోదామనుకున్నవాళ్లూ ఉన్నారు. అందరినీ ఒకే గాటన కట్టి, విధేయులు కారని ముద్రపడ్డవాళ్లకు కేటాయించిన టూలీ లేక్ క్యాంపుకు పంపారు. ఫైలులో ఆ జవాబు పక్కన వివరణ రాసి ఉంటుందేమో చూడండి, హియరింగ్ నోట్స్ ఉంటే ఇంకా మంచిది. "అవును" అన్నవాళ్లంతా సంతోషంగా అన్నారనుకోవడమూ పొరపాటే. హార్ట్ మౌంటెన్ క్యాంపులో 63 మంది, విధేయత ప్రకటించినవాళ్లే, మా కుటుంబాలను వదిలితేగానీ సైన్యంలోకి రామని జైలుకు వెళ్లారు. 1947 డిసెంబర్‌లో అధ్యక్షుడు ట్రూమన్ వాళ్లకు క్షమాభిక్ష ఇచ్చాడు.

క్యాంపుల్లో పత్రికలు వచ్చేవట. వాటిని నమ్మొచ్చా?

వచ్చేవి: మంజనార్ ఫ్రీ ప్రెస్, హార్ట్ మౌంటెన్ సెంటినెల్, టోపాజ్ టైమ్స్, మినిడోకా ఇరిగేటర్, గిలా న్యూస్-కొరియర్ వగైరా. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వీటిని డిజిటైజ్ చేసింది. పెళ్లిళ్లు, బేస్‌బాల్ స్కోర్లు, మెస్ హాలు గొడవలు, పోయిన వస్తువుల ప్రకటనలు, అంత్యక్రియల వేళలు వంటి రోజువారీ జీవితానికి వీటిని మించిన ఆధారం లేదు. కానీ అధికారుల పర్యవేక్షణలో నడిచినవే. మంజనార్ ఫ్రీ ప్రెస్‌కు ఫ్రీ అన్నది పేరులోనే. సమ్మెలు, కాల్పుల గురించి అందులో ఏం రాశారో కన్నా ఎన్ని రోజులు ఏమీ రాయలేదో చూడండి. 1942 డిసెంబర్ 6న మంజనార్‌లో గుంపు మీద సైనికులు కాల్పులు జరిపి ఇద్దరు చనిపోయారు. ఆ తేదీకి ముందు, తర్వాత సంచికలను పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి అర్థమవుతుంది.

ఫొటోల్లో అందరూ నవ్వుతూ ఉన్నారు. మరీ అంత బాధ పడలేదేమో?

ఫొటో ఎవరు తీశారో, ఎవరి కోసం తీశారో ముందు చూడండి. డొరోతియా లాంగ్‌ను 1942లో ప్రభుత్వమే నియమించింది. ముళ్లకంచెలు, కాపలా బురుజులు, తుపాకులున్న సైనికులను తీయనివ్వలేదు. అయినా ఆమె తీసినవి అధికారులకు నచ్చక, యుద్ధం అయ్యేదాకా బయటపెట్టలేదు. ఆన్సెల్ ఆడమ్స్ 1943లో మంజనార్ వెళ్లి, అక్కడివాళ్లు ఎంత నిబ్బరంగా ఉన్నారో చూపించే పోర్ట్రెయిట్లు తీశాడు. టోయో మియటకే మాత్రం లోపల బంధించబడ్డ ఫొటోగ్రాఫరే. లెన్స్‌ను దొంగతనంగా లోపలికి తెచ్చుకుని, చెక్కతో కెమెరా పెట్టె చేయించుకున్నాడు. ముగ్గురి ఫొటోలూ పక్కపక్కన పెట్టి చదవడం మంచి అసైన్‌మెంట్ అవుతుంది.

ఏ మాటలతో వెతకాలి? ఇంటర్న్‌మెంటా, ఇన్‌కార్సరేషనా?

రెండూ, పాత మాటలూ. 1940ల కాగితాల్లో ప్రభుత్వం వాడినవి ఇవాక్యుయేషన్, రీలొకేషన్, అసెంబ్లీ సెంటర్. ఆర్కైవ్స్ కేటలాగుల్లో ఫైళ్ల పేర్లు అలాగే ఉంటాయి. ఇటీవలి పరిశోధకులు ఇన్‌కార్సరేషన్ అంటున్నారు. ఇంటర్న్‌మెంట్ అన్నది న్యాయశాఖ శిబిరాల్లో పెట్టిన విదేశీయులకే సరిపోతుందన్నది వాళ్ల వాదన. వెతకడానికి పాతవి, మీ వ్యాసంలో కొత్తవి వాడండి.

వాళ్ల పొలాలూ ఇళ్లూ ఏమయ్యాయో ఎలా తెలుసుకోవాలి?

ఇది చాలా సారవంతమైన అంశం, పట్టుకునేవాళ్లు తక్కువ. కాలిఫోర్నియాలో 1913, 1920 చట్టాలు, వాషింగ్టన్‌లో 1921 చట్టం ఇస్సేయిలు భూమి కొనకుండా అడ్డుకున్నాయి. అందుకని చాలామంది అమెరికాలో పుట్టిన పిల్లల పేర్ల మీదో, నమ్మకమైన తెల్ల స్నేహితుల పేర్ల మీదో కొన్నారు, లేదా కౌలుకు చేశారు. కాబట్టి కౌంటీ రికార్డర్ ఆఫీసులో తండ్రి పేరుతో వెతికితే ఏమీ దొరకదు. అప్పటికి ఎనిమిదేళ్లున్న పెద్దకొడుకు పేరుతో వెతకండి. 1942లో ఆస్తుల వ్యవహారం శాన్ ఫ్రాన్సిస్కో ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు, పొలాలది ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ చూశాయి. 1948 చట్టం కింద నష్టపరిహారం అడిగినవాళ్లు దాదాపు 14 కోట్ల 80 లక్షల డాలర్లు కోరితే, వచ్చింది 3 కోట్ల 70 లక్షలు. పోయిన కుట్టుమిషను దగ్గర నుంచి జాబితా రాసి, రసీదు చూపించమన్నారు. వారం రోజుల్లో ఇల్లు వదిలి వెళ్లమన్నవాళ్లను రసీదులు అడగడం చూస్తే ఒళ్లు మండుతుంది.

నాకు జపనీస్ రాదు. ఈ పని చేయలేనా?

చేయొచ్చు. ప్రభుత్వ కాగితాలు, నిసేయిల ఇంటర్వ్యూలు, పత్రికల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషులోనే ఉన్నాయి. అయితే ఇస్సేయిల డైరీలు, తన్‌కా, సెన్ర్యూ పద్యాలు, పత్రికల జపనీస్ పేజీలు మీకు అందవు. మీ వ్యాసంలో నిసేయిల మాటే ఎక్కువగా వినిపిస్తుంది. ఆ పరిమితిని వ్యాసంలో ఒప్పుకోండి, అనువాదమైన డైరీల కోసం వెతకండి.

1940 జనాభా లెక్కలు ఉపయోగపడతాయా?

బాగా. 72 ఏళ్ల నియమం వల్ల 1940 లెక్కల్లో పేర్లు 2012లో, 1950వి 2022లో బయటికొచ్చాయి. ముందు ఏ వీధిలో ఉన్నారు, పదేళ్ల తర్వాత ఎక్కడ తేలారు అని పోల్చొచ్చు. జపనీస్ కుటుంబాలు ఏ బ్లాకులో ఎందరున్నారో సైన్యానికి పట్టికలు తయారుచేసి ఇచ్చింది సెన్సస్ బ్యూరోయే అన్నది కూడా గుర్తుంచుకోండి.

## కోర్టులు, పరిహారం

కోరెమత్సు ఓడిపోయాడంటారు, గెలిచాడంటారు. ఏమిటిది?

రెండూ జరిగాయి. ఫ్రెడ్ కోరెమత్సు ఓక్లాండ్ యువకుడు, వెళ్లమంటే వెళ్లలేదు. 1944 డిసెంబర్ 18న సుప్రీంకోర్టు 6-3తో అతని శిక్షను సమర్థించింది. అదే రోజు మిత్సుయే ఎండో కేసులో, విధేయురాలని ప్రభుత్వమే ఒప్పుకున్న పౌరురాలిని క్యాంపులో ఉంచడానికి వీల్లేదని కూడా చెప్పింది. దాదాపు నలభై ఏళ్ల తర్వాత, 1983లో ఫెడరల్ జడ్జి మారిలిన్ హాల్ పటేల్ కోరెమత్సు శిక్షను కొట్టేసింది.

మధ్యలో జరిగిందే పరిశోధకులకు అసలు కథ. ఐకో హెర్జిగ్-యోషినాగా యుద్ధకాలంలో మంజనార్‌లో బందీగా ఉన్న మనిషి. చరిత్రలో డిగ్రీ లేదు. వాషింగ్టన్‌కు మారాక రోజూ నేషనల్ ఆర్కైవ్స్‌కు వెళ్లి పెట్టెలు తెరిచి, వేల కాగితాలను వరస పెట్టి సూచిక రాసుకుంది. తర్వాత కాంగ్రెస్ నియమించిన కమిషన్ ఆమెను పనిలోకి తీసుకుంది. 1982లో ఒక ఆర్కైవిస్టు బల్ల మీద ఆమెకు తరలింపును సమర్థిస్తూ జనరల్ డివిట్ ఇచ్చిన రిపోర్టు కాపీ ఒకటి కనిపించింది. మార్జిన్లలో చేతిరాత దిద్దుబాట్లున్నాయి. అచ్చయిన రిపోర్టులో ఎవరు విధేయులో తేల్చడానికి టైమ్ లేదన్నట్టు ఉంటుంది. దిద్దకముందు కాపీలో టైమ్ ప్రసక్తే కాదు, ఈ జాతివాళ్లలో అలా తేల్చడమే కుదరదు అని ఉంది. కోర్టులో ప్రభుత్వ వాదనకు అడ్డొస్తుందని పాత కాపీలన్నీ తగలబెట్టించారు, ఇదొక్కటి మిగిలింది. న్యాయశాస్త్ర పరిశోధకుడు పీటర్ ఐరన్స్‌కు దొరికిన ఇతర మెమోలతో కలిపి దీని ఆధారంగానే కేసు తిరగదోడారు.

2011లో అప్పటి తాత్కాలిక సొలిసిటర్ జనరల్, భారత సంతతివాడైన నీల్ కత్యాల్, యుద్ధకాలంలో తన ఆఫీసు కోర్టు దగ్గర సమాచారం దాచిందని బహిరంగంగా ఒప్పుకున్నాడు. 2018లో ట్రంప్ వర్సెస్ హవాయి తీర్పులో చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ కోరెమత్సు తీర్పు ఆ రోజే తప్పని రాశాడు.

20,000 డాలర్లు అందరికీ ఇచ్చారా?

1988 ఆగస్టు 10న అధ్యక్షుడు రీగన్ సంతకం చేసిన చట్టం ప్రకారం ఆ తేదీకి బతికి ఉన్నవాళ్లకే. ఇస్సేయిల్లో ఎక్కువమంది అప్పటికే పోయారు. మొత్తం 82,219 మందికి క్షమాపణ లేఖ, చెక్కు అందాయి. మొదటి చెక్కులు 1990 అక్టోబర్‌లో వచ్చాయి. దీనికి ముందు కాంగ్రెస్ నియమించిన కమిషన్ 1981లో ఊరూరా జరిపిన విచారణల సాక్ష్యాలు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. నలభై ఏళ్లు ఇంట్లో కూడా నోరు విప్పనివాళ్లు మైకు ముందు మాట్లాడిన సందర్భాలవి. ఎక్కువమంది రిపోర్టు చదివి ఊరుకుంటారు. సాక్ష్యాలు కూడా చదవండి.

## వెళ్లి చూడాలన్నా, మాట్లాడాలన్నా

మేం సియాటిల్ వైపు, మా తమ్ముడు బే ఏరియాలో. దగ్గర్లో చూడదగ్గవి ఉన్నాయా?

ఉన్నాయి. ఏటా పిల్లలను తీసుకెళ్లే ప్యూయలప్ ఫెయిర్ మైదానంలోనే 1942లో ఏడు వేలకు పైగా మందిని పెట్టి, దానికి క్యాంప్ హార్మనీ అని పేరు పెట్టారు. బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపం నుంచే 1942 మార్చి 30న మొట్టమొదటి తరలింపు జరిగింది, అక్కడ స్మారకం ఉంది. మన ఐటీవాళ్లు ఇంతమంది ఉంటున్న బెల్వ్యూ ఒకప్పుడు జపనీయ రైతుల స్ట్రాబెర్రీ తోటలకు పేరుపడ్డ ఊరు. బే ఏరియాలో శాన్ బ్రూనో బార్ట్ (లోకల్ రైలు) స్టేషన్ దగ్గర టాన్‌ఫొరాన్ తాత్కాలిక కేంద్రం స్మారకం ఉంది. పక్కన షాపింగ్ మాల్ వచ్చిన చోటే గుర్రాల కొట్టాల్లో కుటుంబాలు ఉన్నాయి. నేషనల్ ఆర్కైవ్స్ శాఖ ఒకటి కూడా ఆ శాన్ బ్రూనోలోనే ఉంది.

అసలు క్యాంపులు ఇప్పటికీ ఉన్నాయా?

మంజనార్, మినిడోకా, టూలీ లేక్, అమాచీ, హవాయిలో హోనౌలియులి నేషనల్ పార్క్ సర్వీస్ చేతిలో ఉన్నాయి. హార్ట్ మౌంటెన్‌లో మంచి మ్యూజియం ఉంది, టోపాజ్‌ది యూటా రాష్ట్రం డెల్టా ఊళ్లో ఉంది. పోస్టన్, గిలా రివర్ ఆదివాసీ రిజర్వేషన్ల భూముల్లో కట్టినవి. గిలా రివర్ చూడాలంటే ఆ తెగ అనుమతి తీసుకోవాలి. మంజనార్‌కు 1969లో మొదలైన యాత్ర ఇప్పుడు ఏటా ఏప్రిల్ చివర్లో సాగుతోంది. బయటివాళ్లూ వెళ్లొచ్చు.

అక్కడ ఉన్న పెద్దవాళ్లను ఇంటర్వ్యూ చేయాలంటే ఎలా?

ఇప్పుడు బతికున్నవాళ్లు అప్పటికి చిన్నపిల్లలు. వాళ్లకు గుర్తున్నది దుమ్ము, క్యూలు, ఆటలు, తల్లి ముఖం. వాళ్లను ప్రభుత్వ విధానం గురించి అడక్కండి. ఆ మనిషి ఇదివరకే డెన్షోకో, లాస్ ఏంజెలెస్‌లోని జపనీస్ అమెరికన్ నేషనల్ మ్యూజియంకో ఇంటర్వ్యూ ఇచ్చి ఉంటే అది చూసి వెళ్లండి, చెప్పిందే మళ్లీ చెప్పించకండి. రోస్టర్ కాపీ, క్యాంపు మ్యాపు తీసుకెళ్తే బ్యారక్ నంబరు చూసి మాటలు వాటంతట అవే వస్తాయి. కొందరు మాట్లాడరు. వాళ్లను వదిలేయాలి.

## అమెరికా దాటి

కెనడాలో కూడా ఇలాగే జరిగిందా?

కొన్ని విషయాల్లో ఇంకా ఘోరంగా. దాదాపు 22,000 మందిని బ్రిటిష్ కొలంబియా తీరం నుంచి తరలించి, వాళ్ల ఇళ్లు, పొలాలు, చేపల పడవలు ప్రభుత్వమే అమ్మేసింది. 1949 ఏప్రిల్ 1 దాకా తీరానికి తిరిగి రానివ్వలేదు. రికార్డులు లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడాలో ఉన్నాయి. ఆస్తుల అమ్మకం ఫైళ్లకు విక్టోరియా యూనివర్సిటీ నడిపిన ల్యాండ్‌స్కేప్స్ ఆఫ్ ఇంజస్టిస్ ప్రాజెక్టు చూడండి. పరిహారం 1988 సెప్టెంబర్‌లో, తలా 21,000 కెనడా డాలర్లు.

మన దేశంలో కూడా జపనీయులను నిర్బంధించారా?

నిర్బంధించారు. బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలో ఉన్నవాళ్లనూ, సింగపూర్, మలయాల నుంచి ఓడల్లో తెచ్చినవాళ్లనూ కలిపి రెండు వేలకు పైగా జపనీయ పౌరులను ఢిల్లీ పురానా ఖిల్లాలో గుడారాల్లో పెట్టింది. కొందరిని 1942లో, రెండు వైపుల బందీలనూ మార్చుకునే ఓడల్లో పంపేశారు. మిగిలినవాళ్లను 1943లో రాజపుతానాలోని దేవళీకి మార్చారు. 1962 యుద్ధం తర్వాత చైనా మూలాలున్న భారతీయులను దాదాపు 3,000 మందిని పెట్టింది కూడా ఆ దేవళీలోనే. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన సంగతి మన పెద్దలు చెప్తుంటారు. కానీ అదే ఏడాది ఢిల్లీలో గుడారాల్లో ఉన్న జపనీయుల గురించి తెలుగులో రాసినవాళ్లు చాలా తక్కువ. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎక్స్‌టర్నల్ అఫైర్స్, హోమ్ శాఖల ఫైళ్లను అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో వెతకొచ్చు. లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డులు ఉన్నాయి. హైదరాబాద్ నుంచో వైజాగ్ నుంచో థీసిస్ టాపిక్ వెతుక్కుంటున్నవాళ్లకు అమెరికా కన్నా ఇదే మేలు. వీసా అక్కర్లేదు, పోటీ తక్కువ.

ఫొటోలు, పత్రాలు నా వ్యాసంలో వాడుకోవచ్చా?

డొరోతియా లాంగ్ వంటి ప్రభుత్వ ఉద్యోగులు ఉద్యోగంలో భాగంగా తీసినవి పబ్లిక్ డొమైన్. ఆడమ్స్ మంజనార్ ఫొటోలను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కే ఇచ్చేశాడు, వాటినీ వాడుకోవచ్చు. మియటకే ఫొటోలు, కుటుంబాల ఆల్బమ్‌లు, డెన్షోలో ఉన్నవాటిలో చాలావాటికి అనుమతి అడగాలి, ఒక్కో ఫొటో కింద షరతు రాసి ఉంటుంది. కేస్ ఫైళ్లలో జబ్బులు, ఇంటి గొడవలు కూడా ఉంటాయి. చట్టం అడ్డు చెప్పకపోయినా, ఆ ఇంటివాళ్లు ఉంటే ఒకమాట అడిగి రాయండి.